కారకోరం పటంలో ఖాళీలు

నా బల్ల ఎదుట గోడకు ఒక పాత పటం అంటించి ఉంది. అమెరికా సైన్యపు మ్యాపుల విభాగం 1950లలో మొదలుపెట్టిన యు502 శ్రేణిలోది. సెంటీమీటరుకు రెండున్నర కిలోమీటర్ల స్కేలు. అసలు ప్రతి కాదు లెండి. టెక్సాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టిన స్కాన్‌ను అమీర్‌పేటలో ప్రింటు తీయించాను. కారకోరం పర్వతాల తూర్పు భాగం అందులో ఉంది. ఇంటికి వచ్చినవాళ్లు ముందు పెద్ద శిఖరాల కోసం వెదుకుతారు. నేను మాత్రం కింది అంచున ఉన్న ఒక చిన్న గడి చూపిస్తాను.

ఆ గడిలో అదే పటం మళ్లీ బుల్లి రూపంలో, ముక్కలుగా విభజించి ఉంటుంది. ఏ ముక్కను ఏ ఆధారంతో గీశారో, ఆ ఆధారం ఎంతవరకు నమ్మదగినదో అక్కడ చెప్పుకుంటారు. ఇక్కడ బాగుంది, ఇక్కడ ఫరవాలేదు, ఇక్కడ నమ్మకండి. పెద్ద పటంలోనూ ఆ తేడా కనిపిస్తుంది. కొలిచిన చోట కాంటూరు గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, నిండుగా సాగుతాయి. దూరం నుంచి చూసి అంచనా కట్టిన చోట తెగి తెగి నడుస్తాయి. అంచనాకు కూడా అందని చోట ఉత్త తెల్ల కాగితమే.

ఆ గడి లేని పటాన్ని నేను పూర్తిగా నమ్మను. ఇప్పుడు మన ఫోన్లలో ఉన్న ఏ పటంలోనూ ఆ గడి లేదు. కారకోరంలో ఎవరూ అడుగు పెట్టని లోయకైనా, హైదరాబాదులో మా వీధికైనా ఒకే మందం గీత, ఒకే రంగు, ఒకే ధీమా. పటాల చరిత్రలో ఇది ముందడుగని అందరూ అంటారు. ఒక విషయంలో ఇది వెనకడుగని నేనంటాను. ఎత్తుల డేటాలో తప్పులు పట్టడమే నా ఉద్యోగం కాబట్టి, ఈ మాట కొంచెం చిరాకుతో అంటున్నానని కూడా ఒప్పుకుంటాను.

కారకోరం పటం ఎలా తయారైందో చూస్తే నా చిరాకు ఎందుకో తెలుస్తుంది.

ప్రపంచంలో రెండో ఎత్తయిన శిఖరం కె2 కారకోరంలోనే ఉంది. దాని ఎత్తు లెక్కకు తొలి కొలత పడింది మద్రాసులో. 1802లో బ్రిటిష్ సర్వేయరు విలియం లాంబ్టన్ సెయింట్ థామస్ మౌంట్ దగ్గర నేల మీద గొలుసు పరిచి ఆధారరేఖ కొలిచాడు. అక్కడి నుంచి త్రిభుజం పక్కన త్రిభుజం కట్టుకుంటూ పని ఉత్తరానికి కదిలింది. దారి మన నేల మీదుగానే. 1815లో బీదర్ దగ్గర మరో ఆధారరేఖ కొలిచారు. లాంబ్టన్‌కు సహాయకుడిగా హైదరాబాదు వచ్చిన జార్జి ఎవరెస్టు, కృష్ణా గోదావరుల మధ్య యెల్లాపురం అడవుల్లో బృందంతో సహా జ్వరాన పడ్డాడు. ఆయన్ను హైదరాబాదుకు మోసుకురావలసి వచ్చింది. కోలుకోవడానికి ఆఫ్రికా దక్షిణ కొసకు ఓడెక్కాడు. తర్వాత ప్రపంచంలో అతి ఎత్తయిన శిఖరానికి పేరు ఇచ్చుకున్న మనిషిని ముందుగా పడగొట్టింది మన్యం దోమలు. మంచు కొండల సర్వే అనగానే మనకు గడ్డకట్టిన గడ్డాలు గుర్తొస్తాయి గానీ, ఆ గొలుసులో చాలా త్రిభుజాలు చలిజ్వరంతో వణుకుతూ కొలిచినవే.

1856లో థామస్ మాంట్‌గోమరీ కశ్మీరులోని హరముఖ్ మీద కోణాలు కొలిచే థియోడలైటు నిలిపి, 200 కిలోమీటర్లకు పైగా దూరంలో రెండు శిఖరాలు చూశాడు. బొమ్మ గీసి కె1, కె2 అని రాసుకున్నాడు. అంతే. పేరు తెలియదు కాబట్టి పేరు పెట్టలేదు, వరుస సంఖ్య వేశాడు. తర్వాత విచారిస్తే మొదటిదానికి మషెర్‌బ్రుమ్ అనే స్థానిక నామం దొరికింది. రెండోది చివరి ఊరైన అస్కోలే నుంచి కనిపించనే కనిపించదు. అందుకే నేటికీ అది సర్వే పుస్తకంలోని సంఖ్యతోనే బతుకుతోంది. సర్వేయరు గాడ్విన్ ఆస్టిన్ పేరు తగిలించాలని కొందరు ప్రయత్నించారు, అది అధికారికంగా నిలవలేదు. నాకు ఆ రెండక్షరాల గుర్తే ముద్దు.

త్రిభుజాలతో ఎత్తులు, దూరాలు వస్తాయి. లోయలు, హిమానీనదాలు, వాటి ఒంపులు రావు. దానికి ప్లేన్ టేబుల్ కావాలి. 1861లో హెన్రీ గాడ్విన్ ఆస్టిన్ బల్తోరో హిమానీనదం మీదికి దాన్నే మోయించుకుపోయాడు. మూడు కాళ్ల స్టాండు, దాని మీద చదరపు బల్ల, బల్ల మీద అతికిన కాగితం, కాగితం మీద రెండు కొసలా చూపు రేకులున్న పట్టీ. ఒక చోట నిలబడి రేకుల్లోంచి శిఖరాన్ని చూసి, పట్టీ అంచు వెంట పెన్సిలుతో గీత లాగాలి. మరో చోటికి పోయి అదే శిఖరానికి మరో గీత. రెండూ కోసుకున్న చోట శిఖరం. మూడో చోటి నుంచి లాగిన గీత కూడా అదే బిందువు మీదుగా పోతే పని బాగున్నట్టు. పోకపోతే మూడు గీతల నడుమ ఒక చిన్న త్రిభుజం మిగులుతుంది. సివిల్ డిప్లొమా సర్వే క్యాంపులో మేమంతా ముందు చేసే పని ఆ త్రిభుజాన్ని రబ్బరుతో చెరిపి, మధ్యలో బిందువు పెట్టడం. మా లెక్చరర్ షీటును వెలుగుకు పట్టి చూసేవారు. చెరిపిన జాడ కనబడితే మార్కులు పోయేవి. త్రిభుజం ఉన్నదున్నట్టు ఉంటే, పెద్దదైనా సరే, కొన్ని మార్కులు వచ్చేవి. ఎంత తప్పావో ఆ త్రిభుజమే చెబుతుంది, దాన్ని చెరిపితే నీకే తెలియదు అనేవారు. అప్పట్లో ఆయన మరీ చాదస్తం మనిషి అనిపించేది.

ఈ పనిలో బరువు మోసినవాళ్ల సంగతి పటాలకు ఎక్కలేదు. 1860లో స్పితి ప్రాంతంలోని షిల్లా శిఖరం మీదికి సర్వే ఖలాసీ ఒకతను గుర్తు కర్ర మోసుకుపోయి నాటివచ్చాడు. దాని ఎత్తు 23,000 అడుగులు దాటుతుందని అప్పటి లెక్క. అంటే దశాబ్దాల పాటు మనిషి ఎక్కిన అతి ఎత్తయిన చోటు అదేనని లోకం నమ్మింది. తర్వాత మళ్లీ కొలిస్తే 20,000 అడుగులు దాటి కాస్తే ఉంది. పాత లెక్క ఎవరు, ఎలా కట్టారో కాగితాల మీద ఉంది కాబట్టి ఆ తప్పు దిద్దుకున్నారు. అతని పేరు ఎక్కడా రాయలేదు కాబట్టి దాన్ని ఇప్పుడెవరూ దిద్దలేరు.

ఇంకో మాట. పటంలో తెల్లగా ఉన్నంత మాత్రాన అక్కడికి ఎవరూ పోలేదని కాదు. ఉత్తరాన ముజ్తాగ్ కనుమ మీదుగా బల్తీ జనం యార్కండ్‌కు రాకపోకలు సాగించారు. 1887లో ఫ్రాన్సిస్ యంగ్‌హజ్బెండ్ ఆ కనుమ దాటాడని పుస్తకాలు రాస్తాయి. ముందు నడిచి మంచులో మెట్లు తొవ్వుతూ దారి చూపింది వలీ అనే బల్తీ మనిషి. తెల్ల ఖాళీ అంటే గీసేవాడికి తెలియదని మాత్రమే. అయినా ఆ ఒప్పుకోలు కూడా చిన్నదేమీ కాదు. దాన్ని మింగలేక గొప్పవాళ్లే బోర్లాపడ్డారు.

1892లో ఇంగ్లీషు పర్వతారోహకుడు మార్టిన్ కాన్వే హిస్పర్ కనుమ మీద నిలబడి దిగువన ఒక విశాలమైన మంచు మైదానం చూశాడు. మంచు సరస్సు అన్నాడు. దాని వైశాల్యం మీద కాకిలెక్కలు పుట్టాయి. ధ్రువ ప్రాంతాల్లోలాగా అదొక మంచు టోపీ అనీ, దాని నుంచి నలువైపులా హిమానీనదాలు దిగుతాయనీ ఊహలు అల్లుకున్నాయి. ఫానీ బులక్ వర్క్‌మన్, ఆమె భర్త విలియం మరో మెట్టెక్కి, బయటికి దారే లేని హిమానీనదం ఒకటి ఉందని ప్రకటించారు. చుట్టూ గోడలు, మధ్యలో మంచు, అది ఎటూ పోదట! మంచు పడుతూనే ఉండి, ఎటూ పోకపోతే ఏమవుతుందో ఆలోచించడానికి భూగోళ శాస్త్రం చదవనక్కర్లేదు. 1909లో టామ్ లాంగ్‌స్టాఫ్ తెరం కాంగ్రి శిఖరం 27,000 అడుగులు మించుతుందని తేల్చాడు. రెండేళ్లకు సర్వే ఆఫ్ ఇండియా లెక్క దాన్ని 24,500 దగ్గరికి దించింది.

లాంగ్‌స్టాఫ్‌ను ఆ ఒక్క అంకెతో కొట్టిపారేయడం అన్యాయమవుతుంది. అదే ఏడాది బిలాఫాండ్ కనుమ దాటి అవతల తాను చూస్తున్న మహా హిమానీనదం నుబ్రా లోయలో ముగిసే సియాచినే అని గుర్తించినవాడు ఆయనే. అప్పటిదాకా పటాల్లో అది బాగా పొట్టిగా ఉండేది. 70 కిలోమీటర్లు దాటిన మంచు నది అలా బయటపడింది.

1937లో ఎరిక్ షిప్టన్, హెచ్.డబ్ల్యు. టిల్మన్, మైకేల్ స్పెండర్, జాన్ ఆడెన్ నలుగురూ కె2కు ఉత్తరాన ఉన్న షక్స్‌గామ్ లోయ వైపు వెళ్లారు. వాళ్ల దగ్గరున్న పటంలో ఆ భాగం ఖాళీ. నా దృష్టిలో వాళ్ల పనికి బలం ఆ ఖాళీ నుంచే వచ్చింది. ఏది తెలియదో కచ్చితంగా తెలుసు కాబట్టి నేరుగా అక్కడికే పోయారు. తిరుగుదారిలో టిల్మన్ మంచు సరస్సు దాకా వెళ్లి, అది మామూలు హిమానీనదాల కూడలేననీ, దారిలేని హిమానీనదానికి దారి ఉందనీ తేల్చాడు. రెండు కట్టుకథలను కూల్చిన ఆ ప్రయాణంలోనే మంచులో గుండ్రని అడుగుజాడలు చూసి, హిమమానవుడి కథ ఒకటి మోసుకొచ్చాడు! 1939లో షిప్టన్ మళ్లీ వచ్చినప్పుడు సర్వే ఆఫ్ ఇండియా ఉద్యోగులు ఫజల్ ఇలాహీ, ఇనాయత్ ఖాన్ వెంట ఉన్నారు. హిస్పర్, బియాఫో హిమానీనదాల సర్వే ఆ బృందానిదే. యూరప్‌లో యుద్ధం మొదలైందన్న వార్త మంచు సరస్సు దగ్గర రేడియోలో విన్నారు. ప్రయాణం అక్కడితో ముగిసింది. షిప్టన్ పేరు విన్నవాళ్లలో ఫజల్ ఇలాహీ పేరు విన్నవాళ్లు ఎందరో మీరే చెప్పండి. అంతకు ముందు కెనెత్ మేసన్ వెంట 1926లో షక్స్‌గామ్ సర్వే చేసిన అఫ్రాజ్ గుల్ పరిస్థితీ అంతే.

ఇంతవరకు చెప్పినవన్నీ దిద్దుకోగలిగిన తప్పులు. ఇప్పుడు దిద్దుకోలేనిదాని దగ్గరికి వస్తాను.

పటంలో ఖాళీ వదలడం గొప్ప అంటున్నావు, సియాచిన్ యుద్ధం పుట్టింది ఆ ఖాళీలోంచే కదా అని మిత్రులు నన్ను నిలదీస్తారు. పదునైన ప్రశ్నే. 1949 జులై 27న కరాచీలో భారత్, పాకిస్తాన్ సైనిక ప్రతినిధులు కాల్పుల విరమణ రేఖను ఒప్పుకున్నారు. ఆ ఒప్పందం రేఖను ఊరూరా, కొండకొండా పేర్కొంటూ వచ్చి, ష్యోక్ నది మీది చాలుంకా, ఆ తర్వాత ఖోర్ చేరాక, ‘అక్కడి నుంచి ఉత్తరంగా హిమానీనదాల వరకు’ అని చేతులు దులుపుకుంది. నేల మీద గుర్తించిన చివరి బిందువు ఎన్‌జే9842, పటం గడుల లెక్కలో దానికున్న సంఖ్యే దాని పేరు. దానికి ఆవల గీత లేదు. 1972లో నియంత్రణ రేఖ గీసినప్పుడు కూడా అక్కడే ఆగారు.

అయితే ఆ ఖాళీ సర్వేయరు వదిలిన ఖాళీ కాదు. కరాచీలో కూర్చున్నవాళ్లకు 37 ఏళ్ల ముందే, 1912లో, ఫానీ వర్క్‌మన్ బృందం సియాచిన్‌ను ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచింది. గ్రాంట్ పీటర్కిన్, సర్వే ఆఫ్ ఇండియా తరఫున సర్జన్ సింగ్ దాన్ని కొలిచి పటం గీశారు. (దారిలేని హిమానీనదం ప్రకటించిన ఫానీయే ఈమె. మంచి సర్వేయర్లను వెంట తెచ్చుకుంటే ఎంత మార్పో చూడండి. అక్కడ ఒక పీఠభూమి మీద స్త్రీలకు ఓటు హక్కు కోరే పత్రికను పట్టుకుని ఫోటో కూడా దిగింది.) కాబట్టి 1949లో సియాచిన్ ఎవరికీ తెలియని చోటు కాదు. కనుమలు తెలుసు, నీళ్లు ఎటు పారతాయో తెలుసు. అక్కడికి ఎవరు పోతారులే అనుకున్నారు. ఒకటి ఎరగని ఖాళీ, రెండోది పట్టని ఖాళీ. కాగితం మీద రెండూ తెల్లగానే ఉంటాయి. మొదటిదాని అంచున ‘సర్వే కాలేదు’ అని రాసి ఉంటుంది. రెండోదాని అంచున ఏమీ ఉండదు.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఘోరం. 1960ల చివరి నుంచి అమెరికా అచ్చేసిన పటాల్లో ఎన్‌జే9842 నుంచి ఈశాన్యంగా కారకోరం కనుమ దాకా ఒక గీత ప్రత్యక్షమైంది. ఏ ఒప్పందంలోనూ అది లేదు. ఎవరూ అక్కడ రాయి పాతలేదు. దూరాన ఆఫీసులో ఎవరో రెండు బిందువులకు స్కేలు ఆనించారు. ఆ గీత మరిన్ని పటాలకు పాకింది. 1977లో ఒక జర్మన్ యాత్రికుడి దగ్గర అలాంటి పటం చూసి భారత సైన్యపు కర్నల్ నరేంద్ర కుమార్ ఉలిక్కిపడ్డాడు. మరుసటి ఏడాది సియాచిన్ మీదికి బృందాన్ని నడిపించాడు. 1984 ఏప్రిల్ 13న మన సైన్యం సియాచిన్‌ను చేజిక్కించుకున్న ఆపరేషన్ మేఘదూత్ మొదలైంది. ఒప్పందంలోని ఉత్తరం అంటే సాల్తోరో శ్రేణి జలవిభాజకం, అంటే నీళ్లు రెండు వైపులకు విడిపోయే కొండ అంచు, వెంట అని మన వాదన, కారకోరం కనుమ వైపు అని వాళ్ల వాదన. ఆ గీతే యుద్ధం తెచ్చిందని నేననను, రాజ్యాల లెక్కలు వేరే ఉంటాయి. కానీ నా గోడ మీది పటాన్ని గీసిన సైన్యానికి చెందిన దేశమే, చిన్న గడిలో తన తెలియనితనాన్ని అంత నిక్కచ్చిగా రాసుకున్న దేశమే, ఈ గీతను మాత్రం ఏ ఆధారమూ చూపకుండా గీసింది. తర్వాత మానుకుంది. అప్పటికే సైనికులు కొండ మీద ఉన్నారు.

అక్కడ తూటాలకంటే చలికి, ఎత్తుకు, మంచు విరిగిపడటానికి బలైనవాళ్లే ఎక్కువ. 2012 ఏప్రిల్‌లో గయారీ దగ్గర మంచు పెళ్లలు విరిగిపడి 140 మంది పాకిస్తానీలు సమాధి అయ్యారు. 2016 ఫిబ్రవరిలో సోనం పోస్టు మీద మంచు కూలి మన జవాన్లు 10 మంది పోయారు. వాళ్లలో ఒకరు కర్నూలు జిల్లా యువకుడు. ఎండకు రాళ్లు పగిలే నేల నుంచి వెళ్లి 19,000 అడుగుల పైన మంచు కింద పోయాడు.

భద్రత కోసం పటాలే దాచాలన్నది మరో వాదన. 2005 జాతీయ పటాల విధానం రక్షణ శాఖకు ఒక శ్రేణి, జనానికి మరో శ్రేణి పెట్టింది. సరిహద్దు జిల్లాల షీట్లు మామూలు మనిషి చేతికి వచ్చేవి కావు. ఫలితం ఏమిటంటే, లద్దాఖ్‌లో నడిచే భారతీయుడు దశాబ్దాలుగా పాత అమెరికా పటాల మీదో, సోవియట్ పటాల మీదో ఆధారపడ్డాడు. మన సర్వేయర్లు ప్రాణాలకు తెగించి గీసిన పటాన్ని పరాయి దేశం అచ్చువేస్తే, దాన్ని మనం డౌన్‌లోడ్ చేసుకుంటాం. 2021 ఫిబ్రవరిలో నిబంధనలు చాలావరకు సడలించారు, మంచిదే. దాచడం వల్ల భద్రత పెరిగిందన్న నమ్మకం నాకు ఎప్పుడూ లేదు.

ఇక నేటి సంగతి. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అంతరిక్ష నౌక 11 రోజుల పాటు రాడార్‌తో భూమి ఎత్తులు కొలిచింది. ప్రపంచమంతటా వాడే ఎత్తుల డేటాలో పెద్ద భాగానికి ఇప్పటికీ అదే మూలం. రాడార్ పక్కనుంచి చూస్తుంది. నిటారు కొండ వెనక నీడ పడుతుంది, నీడలో కొలత ఉండదు. కారకోరంలో అన్నీ నిటారు కొండలే. కాబట్టి ఆ డేటా తొలి రూపంలో ఈ ప్రాంతమంతా చిల్లులు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో దాన్ని తెర మీద తెరిస్తే, శిఖరాల పక్కన నల్లటి రంధ్రాలు కనిపించేవి. వికారంగా ఉండేవి, నిజమే. కానీ ఆ నలుపు చూడగానే ఇక్కడ ఏమీ తెలియదని అర్థమయ్యేది.

తర్వాత ఆ చిల్లులను పూడ్చారు. కొన్నిటిని ఇతర ఉపగ్రహాల కొలతలతో, కొన్నిటిని పాత పటాల కాంటూర్లతో, కొన్నిటిని చుట్టుపక్కల అంకెల సగటుతో. సగటుతో పూడ్చిన చోట కొండ అంచు నున్నగా అరిగిపోతుంది. 300 మీటర్ల కొండ కొమ్ము మాయమై వాలు మిగులుతుంది. ఆ వాలు మీద యాప్ గీసే కాంటూర్లు చూడముచ్చటగా ఉంటాయి. పైగా తేదీ ఉండదు. ఇక్కడి హిమానీనదాల్లో కొన్ని ఉన్నట్టుండి ముందుకు దూకుతాయి. హుంజా వైపు షిస్పర్ హిమానీనదం 2018లో అలాగే కదిలి పక్క వాగుకు అడ్డుకట్ట వేసింది. అక్కడ చేరిన నీరు 2022 మేలో తెగి, హసనాబాద్ దగ్గర కారకోరం రహదారి వంతెనను ఊడ్చేసింది. ఏ ఏటి మంచును చూపిస్తుందో చెప్పని పటం పట్టుకుని అలాంటి చోట గుడారం ఎక్కడ వేస్తారు?

విచిత్రమేమిటంటే, ఆ సమాచారం పోలేదు. ఇప్పుడు ఉచితంగా దొరికే, యూరప్‌వాళ్ల కోపర్నికస్ ఎత్తుల డేటానే తీసుకోండి. అసలు ఎత్తుల ఫైలు పక్కనే మరికొన్ని పొరలు ఉంటాయి. ఏ చోటును పూడ్చారు, ఏ మూలం నుంచి పూడ్చారు, ఒక్కో చోట ఎన్ని మీటర్ల తేడా ఉండవచ్చు, అన్నీ రాసి ఉంటాయి. నా గోడ మీది పటంలోని చిన్న గడే అది, ఇంకా వివరంగా. తయారు చేసినవాళ్లు త్రిభుజాన్ని చెరపలేదు. ఫోను దాకా వచ్చేలోపు నడుమనున్నవాళ్లం చెరిపాం. దాన్ని మళ్లీ తెరపైకి తేవడానికి కొత్త ఉపగ్రహం అక్కర్లేదు, కొత్త సర్వే అక్కర్లేదు, తెగిన గీత గీయడం వస్తే చాలు. ఆఫీసు సమావేశాల్లో ఈ మాట ఎత్తినప్పుడల్లా ఒకటే జవాబు: వాడేవాళ్లు కంగారు పడతారట. 18,000 అడుగుల ఎత్తున, కొలవని కొమ్ము కింద నిలబడినవాడు కంగారు పడకపోతే ఎలా? పడనివ్వండి.